వంతు నిద్ర

"రోడ్డు మీదోళ్లకు ఇండ్లు చూస్తానవ్ గని, ఇంట్ల మనిషికి వేడి రొట్టె దిక్కు లేదు" అన్నాడు మతీన్, నేను పెనం మీద రొట్టె తిప్పుతుండగానే. రొట్టె వేడిగానే ఉంది, పొంగింది కూడా. ఆయన మాటకీ రొట్టెకీ సంబంధం లేదని ఇన్నేళ్ల కాపురంలో నాకు అర్థమైపోయింది. పొద్దున్నే నన్ను ఏదో ఒకటి అంటే గాని ఆయనకు బండి స్టార్ట్ కాదు. హాల్లోంచి మా అత్తమ్మ రహీమాబీ అందుకుంది. "తాను దూర సందు లేదు, మెడకో డోలట." ఆమె దగ్గర సామెతలకు కరువు లేదు. ఒక్కోటి నా కొలతకే కుట్టించినట్టు ఉంటుంది. నేను మా అమ్మాయి సబియా టిఫిన్ డబ్బా మూత గట్టిగా నొక్కాను. అత్త మీద కోపం దుత్త మీద అంటారు కదా, మా ఇంట్లో డబ్బా మూతలన్నీ వంకరలు పోయి ఉంటాయి.

నా ఉద్యోగం ఏమిటో మా ఇంట్లో ఎవరికీ పూర్తిగా తెలీదు. "ఎన్జీవోల చేస్తది" అంటారు, ఏదో టైంపాస్‌కి పోతున్నట్టు. హన్మకొండలో మాది చిన్న సంస్థ. స్టేషన్ ముందు, బస్టాండ్‌లో, దవాఖాన గోడ వారన ఏళ్ల తరబడి పడి ఉన్న ఆడవాళ్లకు గదులు ఇప్పించడం మా పని. డబ్బు బెంగళూరులో ఉండే ఒక ఫౌండేషన్ ఇస్తుంది. అంతకుముందు వచ్చిన దాతలు చలికాలం దుప్పట్లు ఇచ్చేవాళ్లు, ఫొటో తీసుకునేవాళ్లు, వెళ్లిపోయేవాళ్లు. వీళ్లు అలా కాదు. ముందు మనిషికి ఒక గది ఇవ్వండి, తాళంచెవి ఆమె చేతిలో పెట్టండి, మిగతావన్నీ తర్వాత చూసుకుందాం అన్నారు. తాగుడు మానితేనే ఇస్తాం, మందులు మింగితేనే ఇస్తాం, పనికి పోతేనే ఇస్తాం అనే షరతులు ఒక్కటీ లేవు. ఆ మాట మొదటిసారి విన్నప్పుడు నాకు గుండె నిండినట్టయింది. ఇంట్లో చోటు కోసం ఆడది ఏమీ చేసి చూపించక్కర్లేదు అని ఎవరైనా అనగా నేను వినడం అదే మొదలు. వాళ్లు కోరింది ఒకటే, ఇచ్చిన గదిలో ఆ మనిషి నిజంగా ఉండాలి. ఇంకా రోడ్డు మీదే పడుకుంటుంటే ఆ గది ఎదురుచూస్తున్న ఇంకొకామెకు పోతుంది. అదీ న్యాయమే, ఎదురుచూసేవాళ్లు బోలెడంత మంది ఉన్నారు.

మా బాస్ ఓంప్రకాశ్ సార్ చెడ్డవాడేమీ కాదు. నేను వీధుల్లో తిరిగి రాసుకొచ్చినవన్నీ మీటింగులో "నేను గమనించిందేమిటంటే" అని మొదలుపెట్టి చదువుతాడు, అంతే. ఫౌండేషన్ వాళ్లు వస్తున్నారంటే మాత్రం ఆయనకు వెంటనే నేను గుర్తొస్తాను. "రుహీ గారూ, మీ ఇంటి బిర్యానీ పెడితే వాళ్లు మన ఊరిని మర్చిపోరు" అంటాడు. పోయినసారి తెల్లవారకముందే లేచి చేసి, ఆటోలో ఒళ్లో పెట్టుకుని తీసుకొచ్చాను. వాళ్లు తింటూ నన్ను మెచ్చుకున్నారు, గదుల సంగతి మాత్రం సార్‌ని అడిగారు. ఇంట్లో వంట, ఆఫీసులో వంట, ఆ రెంటికీ మధ్య మిగిలిన కాసేపు ఉద్యోగం.

మొగిలమ్మకు గది వెతకడానికి నాకు చెప్పులు అరిగాయి. ఆమెది నర్సంపేట దగ్గర ఒక పల్లె. మొగుడు పోయాక మరుదులు బయటికి నెట్టారు. దవాఖానలో ఎవరికో తోడుగా వరంగల్ వచ్చి, ఆ మనిషి చనిపోతే తిరిగి పోవడానికి చోటు లేక స్టేషన్ దగ్గరే ఉండిపోయింది. అప్పుడు నల్లగా ఉన్న జుట్టు ఇప్పుడు ముగ్గుబుట్ట. అలాంటి ఆమెకు ఇల్లు అంటే ఎవరిస్తారు? చివరికి కాశిబుగ్గలో లక్ష్మీనర్సమ్మ అనే ఆమె ఇంటికి పోయాను. వాళ్లు నేతవాళ్లు. మగ్గం ఎత్తేశాక వెనక అర్ర ఖాళీగా ఉంది. నేసేటప్పుడు కాళ్లు పెట్టుకునే గుంతను పూడ్చి పైన సిమెంటు వేశారు, ఆ మేర మాత్రం నేల రంగు వేరుగా ఉంటుంది.

"మగదిక్కు ఎవలు?" అని అడిగింది లక్ష్మీనర్సమ్మ.

"నేనే" అన్నాను.

ఆమె నవ్వింది. "నువ్వెట్లయితవమ్మా?"

"కిరాయి నేను తెస్త. లొల్లయితే నేనొస్త. పాణం బాగలేకుంటె దవాఖానకు నేను తోల్కపోత. మగదిక్కంటె ఇంకేం జెయ్యాలె చెప్పు?"

"మా ఆయన గిండ్ల ఒక్కటి గూడ జెయ్యడు" అని తాళంచెవి ఇచ్చింది. మొగిలమ్మ కొత్త పొయ్యి మీద పాలు పొంగించింది, అందరికీ తలా గుక్కెడు ఇచ్చింది. ఆ రోజు నేను ఇంటికి వస్తూ ఆటోలో ఒక్కదాన్నే నవ్వుకున్నాను.

పక్షం తిరక్కముందే లక్ష్మీనర్సమ్మ ఫోన్ చేసింది. "ఏమమ్మా, మీ ముసల్ది అర్రకు తాళమేసి బయట అరుగు మీద పంటాంది. నేనే వెళ్లగొట్టిన్నని వాడకట్టంత నన్ను అంటాన్రు. లోపట పంటె పండుమను, లేకుంటె ఖాళీ చేయున్రి." ఆఫీసులో సార్‌కి చెప్పాను. ఫౌండేషన్ నుంచి శ్రావణి మేడం వచ్చేది వచ్చే వారమే. సార్ ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు. "ఆ ఒక్కరోజు లోపల పడుకోబెట్టండి. ఒక మంచి ఫొటో తీసుకుందాం. మీరు బిర్యానీ సంగతి చూడండి." ఫొటో దిగితే గది మా రిపోర్టులో ఉంటుంది, నిజమే. మొగిలమ్మ మాత్రం అరుగు మీదే ఉంటుంది, ఇవాళ కాకపోతే రేపు అరుగు మీంచి స్టేషన్‌కి పోతుంది. అప్పుడిక ఈ ఊళ్లో ఆమెకు గది ఇచ్చేవాళ్లు ఉండరు.

మధ్యాహ్నం కాశిబుగ్గ పోయాను. ముందురోజు మా ఆడబిడ్డ వాళ్లు పిల్లలతో వచ్చి వెళ్లారు. వండి, వడ్డించి, గిన్నెలు తోమి, మళ్లీ పొద్దున్నే లేచి దుప్పట్లు ఉతికి ఆరేసి వచ్చాను. కళ్లలో ఇసుక పోసినట్టుంది. మొగిలమ్మ అరుగు మీద కూర్చుని ఉంది. తాళంచెవి దారానికి కట్టి మెడలో వేసుకుంది. నన్ను చూసి తాళం తీసి లోపలికి పిలిచింది. గది అద్దంలా ఉంది. పరుపు మీది ప్లాస్టిక్ కవరు కూడా తీయలేదు.

"లోపట ఎందుకు పంటలేవు అవ్వా? భయమైతాందా?"

"భయమేంది బిడ్డా, టేషన్ల పన్నదాన్ని."

"మరి?"

"లోపట పంటె నాకు కావలెవరుంటరు?"

నాకు అర్థం కాలేదు. ఆమె నిదానంగా చెప్పింది. "నేను, చిలుకమ్మ వంతులేసుకునేటోళ్లం. రోడ్డు మీద ఆడిదాని నిద్ర గట్లనే ఉంటది బిడ్డా. సగం రాత్రి నేను పంటె అది కూసుంటది, సగం రాత్రి అది పంటె నేను కూసుంట. పక్కన మనిషి కూసున్నదంటేనే కన్నంటుకుంటది. పోయిన చలికాలం చిలుకమ్మ పాయె. ఇగ వంతే లేదు. వంతు లేకపోతె నిద్ర యాడిది?"

"అరుగు మీద మాత్రం ఎవరున్నరు?"

"ఒగలు వస్తాంటరు, ఒగలు పోతాంటరు. కుక్కలుంటయి. గా చప్పుడే కావలి. లోపట తలుపేసుకుంటె ఏ చప్పుడుండది."

నేను తలుపు మూసి గడియ పెట్టి చూపించాను. "ఇగో, ఇది పెడితె ఎవ్వరు రారు. ఇదే కావలి."

మొగిలమ్మ ఆ గడియను చేత్తో తడిమింది. "ఇనుము మనిషిని అరుసుకుంటదా బిడ్డా?" అంది.

"నేను పండుకొని చూపిస్త ఆగు" అన్నాను, చిన్నపిల్లకు చెప్పినట్టు. చాప పరిచి నడుం వాల్చాను. రెండు నిమిషాలు కళ్లు మూసుకుని లేద్దామనే అనుకున్నాను. గడియ పెట్టి ఉన్న తలుపు వైపు చూస్తూ ఉంటే ఒక సంగతి తట్టింది. పెళ్లయ్యాక పగటిపూట నేను లోపల గడియ పెట్టుకుని పడుకోవడం ఇదే మొదటిసారి. మా పడకగదికి గడియ ఉంది, రాత్రిళ్లు మతీన్ పెడతాడు, అది నా నిద్ర కోసం కాదు. పగలు ఆ తలుపు ఎప్పుడూ బార్లా తెరిచే ఉంటుంది. జ్వరమొచ్చి పడుకున్నా "రుహీ, నా చార్జరేది?" అని వస్తారు. స్నానానికి పోతే తలుపు కొట్టి చింతపండు ఎక్కడ పెట్టావని అడిగే ఇల్లు మాది. నా ఇల్లే, కాదనను. అందులో ప్రతి గిన్నె నాకు తెలుసు. కానీ ఆ ఇంట్లో నేను ఎప్పుడూ ఒక చెవి తెరిచి పెట్టుకునే పడుకుంటాను. కుక్కర్ కూత, నీళ్ల మోటారు, పాలవాడు, అత్తమ్మ దగ్గు, అన్నీ నిద్రలోనే వింటాను. ఇదంతా ఆలోచిస్తూనే ఉన్నాను, ఎక్కడ ఆగిపోయానో నాకు తెలీదు.

మెలకువ వచ్చేసరికి కిటికీలోంచి వచ్చే ఎండ అవతలి గోడ మీదికి పోయింది. మొగిలమ్మ తలుపుకు వీపు ఆనించి, మోకాళ్లు ముడుచుకుని కూర్చుని ఉంది. గడియ పెట్టినట్టే ఉంది. నేను గాబరాగా ఫోన్ వెతుక్కుంటుంటే ఆమె కొంగు ముడి విప్పింది.

"మస్తుసార్లు మొత్తుకున్నది. నీ నిద్ర చెడుతదని కొంగుల చుట్టి ఒళ్లె వెట్టుకున్న."

నాకు ఏడుపొచ్చింది. ఆపుకోలేదు. మా అమ్మ పోయాక నా నిద్రకు ఎవరూ అడ్డుగా కూర్చోలేదు. నేను నిద్రపోతే ఇల్లు ఆగిపోతుందని విసుక్కున్నవాళ్లే అందరూ. ఎన్నో ఏళ్లు రోడ్డు మీద బతికిన ముసలామె, ఆ గదిలో ఒక్కసారైనా తలుపు మూసుకుని ఉండలేకపోయిన మనిషి, నాకోసం ఇంతసేపు మూసిన తలుపు వెనక కూర్చుంది.

మొగిలమ్మ నా ఏడుపును పెద్దగా పట్టించుకోలేదు. ఒళ్లు విరుచుకుని లేచింది. "లే ఇగ. నా వంతు" అంది. పరుపు మీది కవరు చరచరా లాగేసి, గోడ వైపు తిరిగి పడుకుంది. "పోవద్దు మరి" అంది తల తిప్పకుండానే.

"పోను అవ్వా."

కాసేపట్లోనే గురక మొదలైంది. నేను ఆమె కూర్చున్న చోటే తలుపుకు ఆనుకుని కూర్చున్నాను. ఫోన్ చూస్తే మతీన్ చాలాసార్లు చేశాడు. సాయంత్రం టీ టైం దాటిపోయింది. ఇప్పుడు లేచి పోతే ఈమె లేస్తుంది, మళ్లీ లోపల పడుకోదు. కూర్చుని ఉండటం తప్ప అక్కడ నేను చేయగలిగింది ఏమీ లేదు. నా జీవితంలో చేతులు ఖాళీగా పెట్టుకుని చేసిన పని ఇదొక్కటేనేమో అనిపించింది. అయినా అది పనే. ఎవరూ చేయకపోతే ఆ ముసలామె నిద్రపోదు.

శ్రావణి మేడంకి ఫోన్ చేశాను. చిన్నపిల్ల, మా సబియాకు అక్కలా ఉంటుంది, నన్ను అక్కా అనే పిలుస్తుంది.

"మేడం, గది ఇచ్చిన్రు, పరుపు ఇచ్చిన్రు, పొయ్యి ఇచ్చిన్రు. పక్కన కూర్చునే మనిషికి ఏమన్న ఉందా?"

"అంటే, కేర్‌టేకరా అక్కా?"

"కాదు మేడం. ఉట్టిగ కూర్చునే మనిషి. ఆమె పడుకుంటే ఈమె మేలుకొని ఉండాలి. కొన్ని రోజులే. లోపల నిద్ర అలవాటయ్యేదాకా."

మొత్తం చెప్పాను. "దానికి మా బడ్జెట్‌లో హెడ్ లేదక్కా. ఇట్లా ఎవరూ అడగలేదు కూడా. బోర్డులో తప్పకుండా పెడతాను, కానీ టైం పడుతుంది. అప్పటిదాకా ఎవరైనా ఉంటే, ఆమె లోపల పడుకుంటే చాలు. గదిలో ఇద్దరున్నారని నేనేమీ అనను." మళ్లీ తనే, "ఎందుకక్కా అంత మెల్లగా మాట్లాడుతున్నారు?" అని అడిగింది.

"పడుకుంది మేడం. లోపల పడుకోవడం ఇదే మొదటిసారి."

"అయ్యో" అని ఆ అమ్మాయి కూడా బెంగళూరులో కూర్చుని గొంతు తగ్గించింది.

ఫోన్ పెట్టేశాక అదే మాట మనసులో తిరిగింది. హెడ్ లేదు. కోపం రాలేదు, వాళ్లను ఏమని అంటాం? పక్కన కూర్చోవడానికి, జ్వరం వస్తే తడిగుడ్డ వేయడానికి, ఇంకొకరు నిద్రపోయేదాకా మేలుకుని ఉండటానికి మా ఇంట్లో మాత్రం హెడ్ ఉందా? ఎవరో ఒక ఆడమనిషి ఎలాగూ చేస్తుందని అందరికీ నమ్మకం. అయితే ఇన్నేళ్లూ ఎవరూ నన్ను అడిగి చేయించుకోలేదు. ఈసారి చేయాలని నాకే అనిపిస్తోంది. పైగా మొగిలమ్మ ఉత్తపుణ్యానికి చేయించుకోవట్లేదు, నా వంతు నాకు ఇస్తోంది. దాచుకోకుండా చెబుతున్నాను, ఆమె గది పోతుందన్న బాధ ఎంత ఉందో, ఆ నిద్ర మళ్లీ కావాలన్న ఆశ కూడా నాకు అంతే ఉంది.

మొగిలమ్మ లేచాకే బయల్దేరాను, ఇంటికి చేరేసరికి దీపాలు పెట్టారు. ముగ్గురూ హాల్లోనే ఉన్నారు. పొయ్యి మీద టీ గిన్నె పొద్దున నేను కడిగి బోర్లించినట్టే ఉంది.

"యాడికి పోయినవ్? ఫోనెందుకు ఎత్తవు?" అన్నాడు మతీన్. గొంతులో కోపం ఉంది, దాని కింద భయం కూడా ఉంది. అది నేను విన్నాను, అందుకే అబద్ధం చెప్పబుద్ధి కాలేదు.

"పన్న" అన్నాను. "మస్తు నిద్రవట్టింది."

"పన్నవా? ఎవరింట్ల?"

చెప్పాను. మొగిలమ్మ గురించి, చనిపోయిన చిలుకమ్మ గురించి, ఒకరు పడుకుంటే ఒకరు కూర్చునే ఆ వంతుల గురించి, గది పోయే సంగతి గురించి, అన్నీ నిలబడే చెప్పాను. మా ఇంట్లో నేను ఇంతసేపు మాట్లాడటం, మధ్యలో ఎవరూ ఏమీ అడగకపోవడం ఎప్పుడూ జరగలేదు. చివరికి అసలు మాట అన్నాను. "రేపటి సంది కొన్నిరోజులు రాత్రిళ్లు ఆడనే పంట. పొద్దుగాల వస్త."

"దిమాగ్ ఖరాబైందా? ఇంటి ఆడిది బయట పంటదా? నలుగురు ఏమంటరు?"

"బయట కాదు" అన్నాను. "లోపటనే. గడియ వెట్టుకొని."

"పొద్దుగాల టిఫిన్ ఎవరు చేస్తరు? సబియా స్కూలు?" అన్నాడు.

"నేను ఉప్మా చేసుకుంట అబ్బా" అంది సబియా, పుస్తకంలోంచి తల ఎత్తకుండా. "నీకు గూడ చేస్త. ఉప్పు ఎక్కువైతె ఏమనొద్దు."

నాకు నవ్వొచ్చింది, ఆపుకున్నాను. మతీన్ తల్లి వైపు తిరిగాడు. "అమ్మీ, నువ్వన్న చెప్పు జర."

నేను సామెత కోసం సిద్ధమయ్యాను. అత్తమ్మ నమాజు చాప మడిచి మంచం తలాపున పెట్టింది. "అర్ర పెద్దదేనా?" అని అడిగింది.

"మగ్గం అర్ర అత్తమ్మా. పెద్దదే."

ఆమె తల ఊపింది. అప్పుడు నేను ఆ మంచం వైపు చూశాను. నేను కొత్తకోడలిగా వచ్చిన రోజు ఆమె తన గది మాకిచ్చి, ఆ మంచం హాల్లోకి, వీధి తలుపు పక్కకు వేయించుకుంది. అప్పటినుంచి అక్కడే. టీవీ కట్టేదాకా పడుకోదు. మతీన్ ఆలస్యమైతే లేచి గడియ తీసేది ఆమే, మళ్లీ పెట్టేది ఆమే. తెల్లారి పాలవాడికి లేచేదీ ఆమే. ఇన్నేళ్లుగా మేమంతా ఆమె కావలిలో పడుకుంటున్నాం. ఆమె ఎప్పుడు నిద్రపోతుందని నేను ఒక్కనాడు కూడా అడగలేదు.

"అమ్మీ, చెప్పవేంది?" అన్నాడు మతీన్.

అత్తమ్మ కొడుకు వైపు చూడలేదు, నన్నే చూసింది. పప్పూ బియ్యం లెక్క అడిగినంత మామూలుగా అడిగింది.

"ముగ్గురమైతే ఒక్కొక్కలకు ఇంకిత ఎక్కువ నిద్ర దొరుకుతది గదనే బిడ్డా. నన్ను గూడ తోల్కపోతవా?"